పిండేటప్పుడు చెవి పెట్టండి

"ఏ కంపెనీ వాషింగ్ మెషీన్ కొనమంటారు?" నాకు మెషీన్ల పిచ్చి ఉందని తెలిసినవాళ్లు పెళ్లి పందిట్లో కనిపించినా ఇదే అడుగుతారు, కూరగాయల బండి దగ్గర కనిపించినా ఇదే అడుగుతారు. నేను కంపెనీ పేరు చెప్పను. ఏదో దాస్తున్నానని అనుకుంటారు. దాచేదేమీ లేదండీ. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే పండగ సేల్లో కొన్న రెండు మెషీన్లు పక్కపక్క వాటాల్లోనే ఉంటాయి. ఒకటి పదేళ్లు దాటినా నోరెత్తకుండా పని చేస్తుంటుంది. రెండోది నాలుగో ఏటికే పాత సామాన్ల బండెక్కుతుంది. కంపెనీ ఒకటే అయినప్పుడు తేడా ఎక్కడ వచ్చింది? ఈ పూట దాని గురించే మాట్లాడుకుందాం. అదీ పైనుంచి బట్టలు వేసే టాప్ లోడ్ మెషీన్ల గురించి మాత్రమే. ముందునుంచి తలుపు తెరిచే వాటి సంగతి వేరు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మధ్యలో ఎవరైనా తలుపు కొట్టినా, పొయ్యి మీద పాలు పొంగినా, ఈ ఒక్కటీ గుర్తుంటే చాలు. మెషీన్‌కు ఉతకడం పెద్ద కష్టం కాదు. పిండడమే కష్టం. మీ మెషీన్ ఎన్నాళ్లుంటుందో చివర్లో వచ్చే ఆ ఐదారు నిమిషాల స్పిన్‌లో తేలుతుంది. ఆ ఐదారు నిమిషాలు దాని పక్కన నిలబడి వినండి. మెకానిక్ చెప్పేలోపే మెషీన్ చెబుతుంది.

ఎందుకో చూద్దాం. మూత ఎత్తి లోపలికి చూడండి. అడుగున ఒక పళ్లెం లాంటిది కనిపిస్తుంది. దాన్ని పల్సేటర్ అంటారు. ఉతికేటప్పుడు తిరిగేది ఇదొక్కటే. డ్రమ్ము కదలదు. పల్సేటర్ కాస్త కుడికి తిరుగుతుంది, ఆగుతుంది, కాస్త ఎడమకు తిరుగుతుంది. మజ్జిగ కవ్వం తాడు ఇటు లాగి అటు లాగినట్టే. నీళ్లు సుడి తిరుగుతాయి. ఆ సుడిలో బట్టలు కిందికి పోతాయి, పైకి వస్తాయి, ఒకదాన్నొకటి రాసుకుంటాయి. మురికి వదులుతుంది. ఇందులో హడావుడి ఏమీ లేదు. నీళ్లే బట్టల బరువు మోస్తుంటాయి.

తర్వాత నీళ్లు పోతాయి. చాలా మెషీన్లలో అడుగున ఒక చిన్న మోటారు ఉంటుంది. అది డ్రెయిన్ వాల్వ్‌ను లాగి నీళ్లు వదులుతుంది. అదే లాగుడుతో క్లచ్‌ను కూడా మారుస్తుంది. ఆ క్లచ్ భాగాన్నంతా మెకానిక్కులు గేర్ బాక్స్ అంటారు. క్లచ్ మారాక పల్సేటరూ డ్రమ్మూ ఒకటైపోతాయి. అప్పుడు డ్రమ్ము మొత్తం, లోపలి తడి బట్టలతో సహా, గిర్రున తిరగడం మొదలుపెడుతుంది.

ఎంత వేగంతో అనుకున్నారు? మన ఇళ్లలో ఉండే టాప్ లోడ్ మెషీన్లలో నిమిషానికి సుమారు 700 సార్లు. అంటే సెకనుకు దాదాపు 12 సార్లు. ఆ వేగంలో డ్రమ్ము గోడకు అంటుకున్న బట్ట తన బరువుకు సుమారు 120 రెట్ల బలంతో గోడను నొక్కుతుంది. మళ్లీ చెబుతున్నాను, 120 రెట్లు. అందుకే నీళ్లు చిల్లుల్లోంచి బయటికి చిమ్ముతాయి. బట్టలు డ్రమ్ము చుట్టూ సమానంగా సర్దుకుంటే ఈ బలం అన్ని వైపులా ఒకేలా ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేదు. కానీ ఒక వైపు పావు కిలో బరువు ఎక్కువైందనుకోండి. పావు కిలో అంటే ఎంత? పిండని తువ్వాలులో మిగిలిపోయిన నీళ్లపాటి బరువు. ఆ పావు కిలోయే 30 కిలోలై డ్రమ్మును ఒక పక్కకు గుంజుతుంది. సెకనుకు 12 సార్లు, ప్రతిసారీ చుట్టూ అన్ని దిక్కులకూ. డ్రమ్మును పట్టుకుని ఉన్నవి నాలుగు మూలల నాలుగు సస్పెన్షన్ రాడ్లు. వాటి చివర స్ప్రింగులు. ఆ దెబ్బలన్నీ అవే తినాలి. కింద బేరింగులు తినాలి.

ఇంకో సంగతి. వేగం రెట్టింపైతే ఈ లాగుడు రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. అందుకే మెల్లగా తిరిగేటప్పుడు ముద్దుగా ఊగిన మెషీన్ వేగం పుంజుకోగానే వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేలా చేస్తుంది.

కంపెనీలవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. డ్రమ్ము పై అంచున లావుపాటి ప్లాస్టిక్ రింగు ఉంటుంది చూడండి. దాని లోపల ఉప్పు నీరు పోసి సీలు వేస్తారు. డ్రమ్ము వేగం అందుకున్నాక ఆ నీరు బరువు తక్కువైన వైపుకు జరిగి సర్దుబాటు చేస్తుంది. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు డ్రమ్మును చేత్తో తిప్పి చూడండి. గళగళమని నీళ్ల చప్పుడు వస్తుంది. కొత్త మెషీన్ కొన్నవాళ్లు చాలామంది ఇది విని, ఎవరో వాడిన మెషీన్ అంటగట్టారని షాపువాడితో గొడవకు దిగుతారు. అది రింగులోని నీరేనండీ. వినిపిస్తేనే మంచిది.

అయితే ఆ రింగు సర్దగలిగింది కొంతే. పైగా మొదట్లో, వేగం తక్కువగా ఉన్నప్పుడు, అది పెద్దగా సాయపడలేదు. కాబట్టి స్పిన్ మొదలయ్యేటప్పుడు డబ్ డబ్ అని నాలుగైదు దెబ్బలు వినిపించి, వేగం పెరిగాక ఝుమ్మని ఒకే స్వరంలోకి వచ్చిందంటే మీ మెషీన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. వేగం పెరిగినా దడదడ ఆగలేదంటే ఆపేయండి. మూత తెరిచి బట్టలు చేత్తో సర్ది మళ్లీ పెట్టండి. మెషీన్ కూడా ఇదే పని చేయాలని చూస్తుంది. తనే ఆగిపోయి, మళ్లీ నీళ్లు పట్టుకుని, బట్టలు కదిపి, మరోసారి ప్రయత్నిస్తుంది. కుదరకపోతే కూత పెట్టి చేతులెత్తేస్తుంది. కొన్నింట్లో తెర మీద యూఈ అని కనిపిస్తుంది. "మా మెషీన్ నీళ్లు తెగ తాగేస్తోంది, గంట దాటినా ఆగడం లేదు" అనే ఇళ్లలో చాలాసార్లు జరుగుతున్నది ఇదే.

మన ఇళ్లలో ఈ తంటా తెచ్చేది ఎవరో తెలుసా? చీర. ఐదున్నర మీటర్ల గుడ్డ. సుడిలో పడగానే పక్కనున్న చొక్కాలను, లంగాలను చుట్టేసుకుని పెద్ద ముద్దవుతుంది. ఆ ముద్ద ఒక పక్కన కూర్చుంటుంది. ఇక దడదడే. పంచెలదీ ఇదే వరస. అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్లిన అమ్మలను అడగండి. అక్కడి టాప్ లోడ్ మెషీన్లు చాలావాటిలో నడుమ నిలువునా ఒక స్తంభం ఉంటుంది. దాన్ని ఎజిటేటర్ అంటారు. చీర వేస్తే దానికే చుట్టుకుపోతుంది. విప్పలేక తల ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి చీరను మడిచి జాలీ సంచిలో పెట్టి వేయండి. బట్టలు వేసేటప్పుడు ఒకే చోట గుట్టగా పారేయకుండా చుట్టూ పరుచుకుంటూ వేయండి. ఒక్క దుప్పటి మాత్రమే వేసి స్పిన్ పెట్టకండి. దానికి తోడుగా రెండు తువ్వాళ్లు వేయండి. ఒంటరి దుప్పటి ఎప్పుడూ ఒక పక్కకే చేరుతుంది.

ఇక నేల సంగతి. మన దగ్గర మెషీన్ ఎక్కడ పెడతాం? వెనక బాల్కనీలోనో, వాష్ ఏరియాలోనో. అక్కడ నీళ్లు పోవడానికి మేస్త్రీ నేలకు వాలు పెడతాడు. పెట్టాలి కూడా. ఆ వాలు మీదే మెషీన్ పెట్టేస్తాం. ఇంకొందరు చక్రాల స్టాండు కొంటారు. ఊడ్చుకోవడానికి బాగుంటుందని. నాకైతే ఆ చక్రాల స్టాండు చూస్తే ఒళ్లు మండుతుంది. 30 కిలోల గుంజుడుకు నిలబడాల్సినదాన్ని తీసుకెళ్లి చక్రాల మీద పెట్టడం ఏమిటి చెప్పండి? నేల తడి తగలకూడదనుకుంటే సిమెంటు దిమ్మె కట్టించండి. లేదా చక్రాల్లేని గట్టి ఇనుప స్టాండు వాడండి.

మెషీన్ సమంగా ఉందో లేదో చూడడం చాలా సులువు. అంచున్న స్టీలు పళ్లెంలో వేలు లోతు నీళ్లు పోసి మూత మీద పెట్టండి. నీళ్లు ఏ అంచుకు ఎక్కువ పాకాయో అటు వైపు మెషీన్ దిగి ఉన్నట్టు. కింద కాలికి మర తిప్పి ఎత్తు సరిచేసే వీలుంటుంది. అది తిప్పండి. తర్వాత దాని పైనున్న నట్టు బిగించడం మరచిపోకండి. బిగించకపోతే నెల తిరక్కముందే మళ్లీ వదులవుతుంది. ఆఖరున మెషీన్‌ను ఎదురెదురు మూలలు పట్టుకుని ఊపండి. కాలు టక్కుమంటే పని పూర్తి కాలేదన్నమాట.

చప్పుళ్ల గురించి ఇంకాస్త చెప్పాలి. ఇది రేడియో కదా, చప్పుళ్ల గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. దడదడ గురించి చెప్పాను. అది బట్టల సర్దుబాటుది గానీ, నేలది గానీ, సాగిపోయిన రాడ్లది గానీ. బట్టలు సర్దినా, నేల సరిచేసినా తగ్గలేదంటే రాడ్లే. నాలుగూ ఒకేసారి మార్పించండి. ఒక్కటే మారిస్తే పాత మూడింటితో దానికి పొంతన కుదరదు. స్పిన్ మొదలయ్యే క్షణంలో కీచుమని అరిచి, రబ్బరు కాలిన వాసన వచ్చిందంటే బెల్టు జారుతోంది. అది చిన్న ఖర్చు. గర్రుమనే మూలుగు వేగంతో పాటు పెరుగుతూ, వేగంతో పాటు తగ్గుతూ ఉంటే మాత్రం బేరింగు. దాని పైనున్న సీలు పాడై నీళ్లు దిగి ఉంటాయి. అది పెద్ద ఖర్చు. దాన్ని ఎంత తొందరగా వింటే అంత మేలు, ఎందుకంటే పాడైన బేరింగు ఊరుకోదు, షాఫ్టును కూడా తినేస్తుంది. ఉతికేటప్పుడు టిక్కు టిక్కుమంటే పల్సేటర్ కింద రూపాయి బిళ్లో, జాకెట్టు హుక్కో, పిన్నీసో ఇరుక్కుంది. స్పిన్ దశ వచ్చినా డ్రమ్ము తిరగక నీళ్లు నిలిచి ఉంటే డ్రెయిన్ పైపు చూడండి. పంపు లేని మెషీన్లలో నీరు పల్లానికే పోవాలి. ఆ పైపును ఎత్తి గోడకు కట్టేస్తే నీళ్లు పోవు. నీళ్లు పోకపోతే స్పిన్ రాదు.

ఇప్పుడు వారంటీ కథ. ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉంటుంది, మోటారుకు 10 ఏళ్ల వారంటీ అని. మంచిదే. కానీ పాడయ్యేది మోటారు అయితే కదా! నీళ్లు తెచ్చే ఇన్లెట్ వాల్వ్, డ్రెయిన్ మోటారు, రాడ్లు, గేర్ బాక్స్, అన్నిటికంటే ముఖ్యంగా ఎలక్ట్రానిక్ బోర్డు, వీటికి సాధారణంగా రెండేళ్లే. వాష్ ఏరియా చెమ్మకు, కరెంటు హెచ్చుతగ్గులకు ముందు పోయేది ఆ బోర్డే. కాబట్టి షాపులో మోటారు వారంటీ విని తలూపకండి. "బోర్డుకు ఎన్నేళ్లు? విడిగా కొంటే ఎంత?" అని అడగండి. సమాధానం కోసం సేల్స్ కుర్రాడు మేనేజరు వైపు చూస్తాడు. చూడనివ్వండి.

ఈ పిచ్చి నాకొక్కడికే అనుకునేరు. అమెరికాలో పాత వాషింగ్ మెషీన్లు సేకరించి, బాగుచేసి, వాటికి పరీక్షలు పెట్టి ముచ్చటపడేవాళ్లు చాలామంది ఉన్నారు. అక్కడ మేటాగ్ అని ఒక కంపెనీ ఉండేది, ఐయోవా రాష్ట్రంలో న్యూటన్ అనే ఊళ్లో. 1967లో వాళ్లొక టీవీ ప్రకటన మొదలుపెట్టారు. అందులో కంపెనీ మెకానిక్ ఊరికే కూర్చుని ఈగలు తోలుకుంటుంటాడు. ఎందుకంటే వాళ్ల మెషీన్లు చెడిపోవట. ఆ మెకానిక్ వేషం దశాబ్దాల పాటు నడిచింది. చివరికి 2006లో వర్ల్‌పూల్ ఆ కంపెనీని కొనేసింది. మరుసటేడు న్యూటన్ ఫ్యాక్టరీ మూతపడింది. ఫ్యాక్టరీ పోయినా దాని పాత మెషీన్లను ఇంకా తిప్పుతున్నవాళ్లున్నారు. ఆ పాతవాటిలో బోర్డుల్లేవు. గడియారంలా టిక్ టిక్‌మనే టైమరు ఒకటి, మోటారు ఒకటి. చెడితే ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవచ్చు. అయితే నీళ్లు మాత్రం కుండపోతగా కావాలి. ఆ మాట అభిమానులు కాస్త మెల్లగా చెబుతారు.

వాళ్ల దగ్గర నేను నేర్చుకున్నది ఒకటుంది. మెషీన్ బాగా ఉతుకుతోందా లేదా అన్నది వాళ్లు మరక పోయిందా లేదా అని మాత్రమే చూసి తేల్చరు. మూత ఎత్తి బట్టలు ఎలా తిరుగుతున్నాయో చూస్తారు. పైనున్న బట్ట కిందికి మునిగి, మళ్లీ పైకి తేలాలి. విస్కాన్సిన్ రాష్ట్రంలోని రిపన్ ఊళ్లో స్పీడ్ క్వీన్ కంపెనీ ఉంది. లాండ్రీ షాపుల మెషీన్లకు పేరున్న కంపెనీ. 2018లో వాళ్లు ఇళ్ల మెషీన్ డిజైను మార్చారు. నడిమి స్తంభం, డ్రమ్ము రెండూ కలిసి తిరిగేలా చేశారు. చూసినవాళ్లు అల్లరి చేశారు. స్తంభమూ డ్రమ్మూ కలిసే తిరిగితే బట్ట పైది పైనే ఉంటుంది, ఇక ఉతికేదేమిటని. కంపెనీ పాత పద్ధతి మెషీన్‌ను మళ్లీ అమ్మకానికి తెచ్చింది. కొత్తదీ ఉంచింది, పాతదీ తెచ్చింది. మూత ఎత్తి చూసేవాళ్ల మాటకు అంత బలం ఉందన్నమాట.

మీరూ ఆ పరీక్ష చేయవచ్చు. ఇప్పుడు చాలా మెషీన్లకు గాజు మూతలే. రంగు దిగని ఎర్ర జేబురుమాలు ఒకటి బట్టలన్నిటి పైన వేయండి. మెషీన్ తిరుగుతుంటే చూడండి. నా లెక్కలో రెండు మూడు నిమిషాల్లో అది మునిగి ఎక్కడో ఒకచోట తేలాలి. మునిగిందంటే కింది బట్టలు పైకి, పై బట్టలు కిందికి వస్తున్నాయి. వేసినచోటే ఊగుతూ కూర్చుంటే మీరు ఎక్కువ బట్టలు కుక్కారు, లేదా నీళ్లు తక్కువ పెట్టారు. మెషీన్‌ను తిట్టి లాభం లేదు. మెషీన్ మీద ఆరున్నర కిలోలు అని రాసి ఉందనుకోండి. అది పొడి బట్టల బరువు. ఒక జీన్ ప్యాంటే సుమారు ఆరేడు వందల గ్రాములు తూగుతుంది. నలుగురున్న ఇంట్లో జీన్లు, టర్కీ తువ్వాళ్లు, దుప్పట్లు కలిపి తూచి చూడండి, ఆరున్నర ఎంత తొందరగా దాటుతుందో. కుక్కిన డ్రమ్ములో ఉతుకూ సరిగా ఉండదు, పిండడమూ సరిగా ఉండదు. మళ్లీ మన దడదడ దగ్గరికే వచ్చాం.

దడదడను తేలిగ్గా తీసుకోకూడదని ఎందుకంటున్నానో ఇంకో ఉదాహరణ చెబుతాను. 2016 నవంబరులో అమెరికాలో శామ్‌సంగ్ కంపెనీ సుమారు 28 లక్షల టాప్ లోడ్ మెషీన్లను వెనక్కి పిలిచింది. స్పిన్‌లో డ్రమ్ము బ్యాలెన్స్ తప్పి, మెషీన్ పైభాగమే ఊడి వచ్చే ప్రమాదం ఉందని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ ప్రకటించింది. దుప్పట్లు, బరువైన బట్టలు, నీళ్లు పీల్చని బట్టలు వేసేటప్పుడు తక్కువ వేగమే వాడండని చెప్పారు. కంపెనీ చిన్నది కాదు, ఇంజినీర్లు తక్కువ కాదు. అయినా స్పిన్ ఎవరి మాటా వినలేదు. మనకు ఇందులో పనికొచ్చే మాట ఒకటుంది. రెయిన్‌కోట్లు, ప్లాస్టిక్ పట్టాల్లాంటి నీళ్లు దిగని వాటిని స్పిన్‌లో పెట్టకండి. వాటి మడతల్లో నీళ్లు తిత్తిలో పట్టినట్టు నిలిచి, ఒక్కసారిగా జారతాయి.

పిండడం ఎలా ఉందో చెవితో విన్నాం. దాన్ని కాటాలో తూచవచ్చు కూడా. సూట్‌కేసులు తూచే చిన్న కాటా ఉంటుంది కదా, అది చాలు. కొన్ని తువ్వాళ్లు ఎంచుకోండి. బాగా ఎండినప్పుడు తూచండి. రెండు కిలోలు ఉన్నాయనుకోండి. ఉతికి, స్పిన్ అయ్యాక వెంటనే మళ్లీ తూచండి. మూడు కిలోల 200 గ్రాములు అనుకోండి. అంటే 1200 గ్రాముల నీళ్లు మిగిలాయి. ఆ అంకె మెషీన్ వెనక పెన్సిలుతో రాసి పెట్టండి. ఏడాది పోయాక అవే తువ్వాళ్లతో మళ్లీ తూచండి. ఈసారి మిగిలిన నీళ్లు బాగా పెరిగాయంటే డ్రమ్ము తన వేగం అందుకోవడం లేదు. బెల్టో, క్లచ్చో, మోటారు కెపాసిటరో నీరసించింది. "ఈ మధ్య బట్టలు ఆరడం లేదు, వానాకాలం కదా" అనుకుంటూ ఉంటాం. తప్పు వానది కాకపోవచ్చు.

నీళ్ల గురించి రెండు మాటలు చెప్పకపోతే మన ప్రాంతపు మెషీన్ల గురించి మాట్లాడినట్టే కాదు. బోరు నీళ్ల ఊళ్లు మనవి. నీళ్ల కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చని తాగునీటికి భారత ప్రమాణం. తాగే నీళ్లకే ఇలా ఉంటే, ఉతికేందుకు వాడే బోరు నీళ్ల సంగతి మీ ఇంటి కుళాయి మూతి చూస్తేనే తెలుస్తుంది. తెల్లగా సున్నంలా పేరుకుంటుంది. అదే డ్రమ్ము వెనకా పేరుకుంటుంది. దానికి సర్ఫు జిడ్డు, బట్టల పీచు తోడై నల్లటి పొరలవుతాయి. ఉతికిన తెల్ల చొక్కా మీద నల్ల తునకలు కనిపిస్తే అవే. నెలకోసారి ఖాళీ డ్రమ్ములో నీళ్లు నింపి, కంపెనీ చెప్పిన డీస్కేల్ పొడో, నిమ్మ ఉప్పో వేసి తిప్పండి. ఒక హెచ్చరిక. నిమ్మ ఉప్పు వేసినప్పుడు బ్లీచింగ్ దాని దరిదాపుల్లోకి రాకూడదు. రెండూ కలిస్తే విషవాయువు వస్తుంది. మళ్లీ చెబుతున్నాను. నిమ్మ ఉప్పు, బ్లీచింగ్ కలపకండి.

సర్ఫు ఎక్కువ వేస్తే బట్టలు ఎక్కువ తెల్లబడతాయన్నది భ్రమ. నురగ పెరిగితే బట్టలు ఒకదాన్నొకటి రాసుకోవు, నురగ మీద తేలుతుంటాయి. స్పిన్‌లో ఆ నురగే బయటి టబ్బుకు, డ్రమ్ముకు మధ్య చేరి బ్రేకు వేసినట్టు పట్టేస్తుంది. మోటారు ఈడ్చుకుంటూ తిరుగుతుంది. ఉతికిన బట్ట ఒకటి తీసి శుభ్రమైన బకెట్ నీళ్లలో ముంచి పిండండి. నురగ వచ్చిందా? వచ్చేసారి సర్ఫు తగ్గించండి.

నీళ్లు నిండడానికి మరీ ఆలస్యమైతే రెండు కారణాలు. పై అంతస్తులో ఉంటూ, మెషీన్‌కు సరిగ్గా పైనే ట్యాంకు ఉంటే నీటి ఒత్తిడి చాలదు. మామూలు వాల్వుకు ట్యాంకు కనీసం మూడు మీటర్ల ఎత్తునైనా ఉండాలి. లేదంటే తక్కువ ఒత్తిడికి పనిచేసే వాల్వున్న మోడల్ కొనాలి. రెండో కారణం ఇంకా చిన్నది. కుళాయి కట్టేసి, పైపును మెషీన్ దగ్గర మర తిప్పి విప్పండి. లోపల బొటనవేలి గోరంత జాలీ ఒకటి కనిపిస్తుంది. పట్టకారుతో మెల్లగా లాగితే వస్తుంది. బోరు ఇసుకతో, తుప్పుతో ఎర్రగా పూడిపోయి ఉంటుంది. పాత టూత్ బ్రష్షుతో రుద్ది కడిగి పెట్టేయండి. మెకానిక్‌ను పిలిస్తే వచ్చినందుకే కొన్ని వందలు. ఇది మీరే చేసుకోగలిగిన పని.

ఎలుకల మాట కూడా చెప్పేస్తాను. టాప్ లోడ్ మెషీన్ల అడుగు చాలావాటిలో తెరిచే ఉంటుంది. ఎలుక దూరి వైర్లు కొరికితే అది వారంటీలోకి రాదు. మెషీన్‌తో పాటు అడుగున బిగించే అట్టో, జాలీయో ఇస్తారు. బిగించేవాడు మరచిపోతుంటాడు. అడిగి బిగించుకోండి.

ఇక చివరిగా, పాత మెషీన్ కొనాలనుకునేవాళ్లకు. చదువుకుంటూ గదిలో ఉండే పిల్లలు, కొత్తగా కాపురం పెట్టినవాళ్లు, అద్దె ఇళ్లు మారేవాళ్లు చాలామంది సెకండ్ హ్యాండ్ కొంటుంటారు. తప్పు లేదు. పైన రంగు, తళుకు చూడకండి. మూత ఎత్తి, డ్రమ్ము అంచు మీద చేయి పెట్టి గట్టిగా కిందికి నొక్కి వదిలేయండి. ఒక ఊపు ఊగి ఆగిపోతే రాడ్లు బాగున్నాయి. ఊయలలా ఊగుతూనే ఉంటే రాడ్ల ఖర్చు బేరంలో తగ్గించమనండి. తర్వాత కరెంటు లేకుండా డ్రమ్మును చేత్తో తిప్పండి. రింగులో నీళ్లు గళగళమంటే సరే. గరగరమని ఇసుక నలిగిన చప్పుడు వస్తే బేరం వదిలేసి వచ్చేయండి. ఆ రెండూ బాగుంటే రెండు తడి తువ్వాళ్లు వేసి స్పిన్ పెట్టించండి. అమ్మేవాడు "బట్టలెందుకండీ, ఖాళీగా తిప్పి చూపిస్తాను" అంటాడు. ఒప్పుకోవద్దు. ఖాళీ డ్రమ్ములో దడదడ బయటపడదు. తువ్వాళ్లు మీరే తీసుకెళ్లండి.